గోటితో పోయేదానికి గొడ్డలి దాకా ఎందుకు? బి.పి. బిళ్ళకు వర్తించని బీమా

అనంతపురం జిల్లా పల్లెల్లో ఇప్పుడు రచ్చకట్ట మీద నలుగురు పెద్దవాళ్ళు కూర్చుంటే వారిలో ఒకరిద్దరి జేబుల్లో బి.పి. బిళ్ళల అట్ట ఉంటుంది. ఒకప్పుడు దీనిని పట్నంవాళ్ళ జబ్బు అనేవారు, కూర్చుని తినేవాళ్ళ జబ్బు అనేవారు. ఆ మాట పాతబడిపోయింది. భారత వైద్య పరిశోధన మండలి దేశమంతటా జరిపించిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. 20 ఏళ్ళు దాటినవారిలో నూటికి 35 మందికి పైగా రక్తపోటు ఉన్నట్లు అందులో తేలింది. శనక్కాయ చేలో కలుపు తీసే ఆడకూలీకి, గొర్రెల వెంట పగలంతా తిరిగే కాపరికి కూడా ఈ జబ్బు మినహాయింపు ఇవ్వలేదు.

దీనికి మందు లేదా అంటే ఉన్నది. అది ఖరీదైనదా అంటే నిజానికి చాలా చవక. అయినా ఆ చవక మందును సక్రమంగా కొనుక్కోలేక, మధ్యలో మానేసి, మూతి వంకరపోయి, కాలూ చెయ్యీ పడిపోయి మంచాన పడినవారు ప్రతి ఊళ్ళోనూ కనిపిస్తున్నారు. ఇది ఎవరి పాపం? ఈ ప్రశ్న వేసుకోవలసిన సమయం వచ్చింది.

బీమా ఎక్కడి వరకు?

పేదవాడికి పెద్దాసుపత్రి తలుపు తెరిచిన పథకాలను తక్కువ చేయనక్కరలేదు. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు తొలుత ఎంచుకున్న మూడు జిల్లాలలో అనంతపురం ఒకటి. మహబూబ్‌నగర్, శ్రీకాకుళం మిగతా రెండు. అప్పటినుంచి పథకం పేరు మారింది, వర్తించే జబ్బుల సంఖ్య పెరిగింది, ఖర్చు పరిమితి కూడా పెరిగింది. నేడు దానిని ఎన్.టి.ఆర్. వైద్యసేవ అంటున్నారు. 2018లో కేంద్రం తెచ్చిన ఆయుష్మాన్ భారత్ పథకం కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు భరిస్తుంది. ఈ పథకాల వల్ల ప్రాణాలు దక్కినవారు జిల్లాలో ఎందరో ఉన్నారు.

అయితే వీటన్నిటికీ ఒకటే మెలిక. రోగి ఆసుపత్రిలో చేరాలి. మంచం ఎక్కితేనే బీమా కదులుతుంది. ఆయుష్మాన్ భారత్ కింద ఆసుపత్రిలో చేరడానికి ముందు 3 రోజులు, ఇంటికి వచ్చిన తరువాత 15 రోజుల ఖర్చు వరకే లెక్కలోకి వస్తుంది. వైద్యసేవలో కొన్ని చికిత్సల తరువాత కొంతకాలం మందులు ఇచ్చే ఏర్పాటు ఉన్నది. అదైనా ముందు పెద్ద జబ్బు పడి లేచినవారికే. పడకుండా నిలబడడానికి రోజూ ఒక బిళ్ళ వేసుకునే మనిషికి ఈ కార్డులు అక్కరకు రావు. ప్రభుత్వోద్యోగులకు వేరే ఏర్పాట్లు ఉన్నాయి. ఫ్యాక్టరీ కార్మికుడికి ఇ.ఎస్.ఐ. డిస్పెన్సరీ ఉన్నది. రైతుకు, కౌలుదారుకు, కూలికి అటువంటిదేదీ లేదు. జేబులో కార్డు ఉన్నా, మందుల షాపు ముందు మాత్రం అతడు బీమా లేనివాడే.

పల్లెలో లెక్క ఇట్లుంటుంది

బి.పి.కి సాధారణంగా రాసే మందులలో టెల్మిసార్టాన్ ఒకటి, అమ్లోడిపిన్ మరొకటి. పేరుమోసిన కంపెనీ పెట్టిన పేరుతో టెల్మిసార్టాన్ 40 బిళ్ళ ఒకటి ఏడు రూపాయలకు అటూ ఇటూగా ఉంటుంది. రోజుకు ఒకటి చొప్పున నెలకు 210 రూపాయలు. అదే మందు, అదే మోతాదు, జనౌషధి దుకాణంలో ఒకటి రూపాయిన్నర లోపే దొరుకుతుంది. రూపాయిన్నర చొప్పున వేసుకున్నా నెలకు 45 రూపాయలు. అమ్లోడిపిన్ 5 బిళ్ళ అక్కడ రూపాయి కూడా కాదు.

ఇంట్లో ముసలాయనకు, ముసలామెకు ఇద్దరికీ బి.పి. ఉన్నదనుకుందాం. కంపెనీ పేరు మీద కొంటే ఏడాదికి 5,040 రూపాయలు. జనౌషధి ధరకు 1,080 రూపాయలు. తేడా 3,960 రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు. అంటే ఏడాదికి పన్నెండు పింఛన్లు వస్తే అందులో ఒకటి కేవలం అట్ట మీది పేరుకు పోతున్నదన్నమాట. రెండు మూడు మందులు కలిపిన బిళ్ళ రాస్తే, సుగరు కూడా తోడైతే, ఈ తేడా ఇంకా పెరుగుతుంది.

నెలకు 210 రూపాయలు పట్నవాసికి పెద్ద మొత్తంగా కనిపించకపోవచ్చు. 2025-26లో ఉపాధి హామీ పని రోజు కూలి 307 రూపాయలు. పని దొరికిన రోజే ఆ కూలి. వాన రాక, పని లేక బెంగుళూరు దారి పట్టే నెలల్లో ఇంట్లో మొదట కోత పడేది ముసలివాళ్ళ బిళ్ళల మీదనే. రోజు విడిచి రోజు వేసుకుంటారు. సగానికి తుంచి వేసుకుంటారు. తలనొప్పి లేదు, కళ్ళు తిరగడం లేదు, జబ్బు పోయిందనుకుని మానేస్తారు. బి.పి. నొప్పి పెట్టే జబ్బు కాదు. లోపల నరాలను, గుండెను, మూత్రపిండాలను చప్పుడు లేకుండా తినేస్తుంది. అది చప్పుడు చేసే రోజున 108 బండి ఎక్కించవలసి వస్తుంది.

యూరియాకు తెలిసినది బిళ్ళకు తెలియదా?

జనరిక్ అనే మాట వినగానే అదేదో నాసిరకం సరుకు అని పల్లెల్లో అనుమానం ఉన్నది. ఈ సంగతి రైతుకు చెప్పడం చాలా తేలిక. యూరియా ఏ కంపెనీ సంచిలో వచ్చినా అందులో ఉండేది 46 శాతం నత్రజనియే. శనక్కాయ ఆకుమచ్చ తెగులుకు మాంకోజెబ్ కొట్టమంటే, రైతు అట్ట మీద కంపెనీ పేరు ఒక్కటే చూసి ఊరుకోడు. లోపలి మందు పేరు, శాతం చూస్తాడు. ఒక కంపెనీది ప్రియమైతే అదే మందు ఇంకొక కంపెనీది ఇమ్మంటాడు. చేనుకు కొట్టే మందు విషయంలో ఇంత తెలివి ఉన్న రైతు, తాను మింగే మందు విషయంలో మాత్రం అట్ట రంగును చూసి కొంటున్నాడు. కారణం, ఆ లోపలి పేరు అతడికి ఎవరూ చెప్పకపోవడమే.

ఇక్కడ ఇంకొక మోసం దాగి ఉన్నది. జనరిక్ అంటే చవకగా దొరుకుతుందన్న పూచీ ఏమీ లేదు. మన దేశంలో చిన్న కంపెనీలు తమ సరుకును నేరుగా షాపులకు తక్కువ ధరకు ఇస్తాయి. అట్ట మీద మాత్రం పెద్ద కంపెనీల ధరకు దగ్గరగా అంకె ముద్రిస్తాయి. షాపతను మంచివాడైతే సగానికి ఇస్తాడు. కాకపోతే ముద్రించిన ధరే తీసుకుంటాడు. చదువురాని ముసలామె అడగలేదు, బేరమాడలేదు. తయారీదారు మిగిల్చిన లాభం కౌంటరు దాటి ఆమె చేతికి రాదు.

మందుల ధరలకు ప్రభుత్వ అదుపు లేకపోలేదు. అత్యవసర మందుల జాబితాలో ఉన్నవాటికి 2013 నాటి ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం గరిష్ఠ ధర నిర్ణయిస్తారు. ఒక శాతం, అంతకు మించి అమ్మకాలున్న కంపెనీల ధరలన్నిటినీ సగటు చేసి, దానికి చిల్లర వర్తకుడికి 16 శాతం కలిపి కట్టే ధర అది. తయారీకి ఎంత అయిందన్నది ఈ లెక్కలో లేదు. అమ్ముడుపోతున్న ధరల సగటే కొలబద్ద. టోకు ధరల సూచీని బట్టి ఏటా దీనిని సవరించుకోవచ్చు. 2022లో 10.76 శాతం, 2023లో 12.12 శాతం పెంచుకునే వీలు కలిగింది. జాబితాలో లేని మందులకైతే ఏడాదికి 10 శాతం వరకు పెంచుకోవచ్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి మందుల మీద జి.ఎస్.టి. 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. మంచిదే. కాని ఏడు రూపాయల బిళ్ళ మీద ఆ తగ్గింపు అర్ధ రూపాయి దాటదు. ఐదింతల తేడాను అది పూడ్చలేదు.

డాక్టరు కలంలో ఉన్నది

ఈ తేడాకు తాళంచెవి డాక్టరు చేతిలో ఉన్నది. డాక్టర్లు మందును దాని అసలు పేరుతో, వీలైనంతవరకు పెద్ద అక్షరాలతో, అర్థమయ్యేటట్లు రాయాలని భారత వైద్య మండలి 2016లోనే నిబంధనను సవరించింది. 2023 ఆగస్టు 2న జాతీయ వైద్య కమిషన్ ఇంకా గట్టి నిబంధనలు తెచ్చింది. డాక్టర్ల సంఘాలు అభ్యంతరం చెప్పాయి. అదే నెల 23న వాటిని నిలిపివేశారు. మూడు వారాల ముచ్చటగా అది ముగిసింది.

కంపెనీ పేరుతో చీటీ రాసిన తరువాత మందుల షాపతను మంచి మనసుతో చవకది ఇద్దామన్నా చట్టం ఒప్పుకోదు. 1945 నాటి ఔషధ నిబంధనల ప్రకారం, చీటీ మీద అమ్మవలసిన మందులలో డాక్టరు రాసినదానికి బదులుగా వేరొకటి, లోపల అదే మందు ఉన్నా సరే, ఇవ్వరాదు. చీటీలో లోపలి పేరే ఉంటే ఈ చిక్కు రాదు. కనుక డాక్టరు ఒక్క మాట మార్చి రాస్తే పేదవాడి ఖర్చు ఐదోవంతుకు దిగుతుంది. ఇందుకు ప్రభుత్వానికి పైసా ఖర్చు లేదు.

నాణ్యత గురించి డాక్టర్లు వెలిబుచ్చే సందేహాన్ని కొట్టిపారేయరాదు. నాసిరకం మందు బి.పి.ని దించదు, పైగా వేసుకుంటున్నానన్న ధీమాతో రోగి మోసపోతాడు. కాని నాసిరకం అనేది చవక అట్టలోనే ఉంటుందనుకోవడం పొరపాటు. కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ప్రతి నెలా ప్రకటించే జాబితాలో పేరున్న కంపెనీల పేరుతో వచ్చినవీ ఉంటున్నాయి, పేరులేనివీ ఉంటున్నాయి. 2024 సెప్టెంబరులో వచ్చిన జాబితాలో టెల్మిసార్టాన్ కూడా ఉన్నది. దీనికి మందు తనిఖీ. డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు పట్నం షాపులతో ఆగకుండా మండల కేంద్రాల షాపుల నుంచి, ప్రభుత్వ ఆసుపత్రుల గోడౌన్ల నుంచి శాంపిళ్ళు తీయాలి. ఫలితాలను జిల్లాలో అందరికీ తెలిసేటట్లు ప్రకటించాలి. అప్పుడు డాక్టరుకు సందేహం ఉండదు, రోగికి భయం ఉండదు.

ఉచితం ఉన్నది, కాని ఊరు దాటదు

ప్రభుత్వం బి.పి. బిళ్ళలు ఉచితంగా ఇస్తున్నది కదా అని అడగవచ్చు. నిజమే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ, విలేజ్ హెల్త్ క్లినిక్‌లోనూ ఇస్తారు. ఆశా కార్యకర్తలు, ఏ.ఎన్.ఎం.లు ఇల్లిల్లూ తిరిగి బి.పి. చూస్తున్నారు. పట్టుదలగా చేస్తే ఈ పద్ధతి ఎంత బాగా పనిచేస్తుందో పొరుగున ఉన్న తెలంగాణలో చూడవచ్చు. తెలంగాణతో సహా ఐదు రాష్ట్రాలలో మొదలైన రక్తపోటు నియంత్రణ కార్యక్రమంలో మూడు నాలుగు రకాల చవక మందులనే ఎంచుకుని, ఒకే వరుసలో అందరికీ ఇస్తూ, ఎవరు రాలేదో పేరు పేరునా చూసుకున్నారు. ఆ కార్యక్రమానికి 2022లో ఐక్యరాజ్యసమితి అవార్డు కూడా వచ్చింది.

చిక్కు ఎక్కడంటే, స్టాకు ఉన్న నెల ఇస్తారు, లేని నెల వచ్చే వారం రమ్మంటారు. బి.పి. వచ్చే వారం దాకా ఆగదు. ఒకసారి ఒక రకం, ఇంకొకసారి ఇంకొక రకం బిళ్ళ చేతికి వస్తే ముసలివాళ్ళు గందరగోళపడి రెండూ మానేస్తారు. ఇచ్చేది కొద్ది రోజులకే అయితే మళ్ళీ మళ్ళీ తిరగాలి. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవారికి పల్లెవెలుగు బస్సులో టిక్కెట్టు లేదు. మంచి పని. అయినా ఆసుపత్రికి వెళ్ళిన రోజు కూలి మాత్రం పోతూనే ఉన్నది. ఉచిత బిళ్ళకు 307 రూపాయల కూలి ధర కట్టవలసి వస్తే, ఆ ఉచితానికి అర్థమేమున్నది?

వలస పోయేవారి సంగతి మరీ దయనీయం. బెంగుళూరులో కట్టడాల పనికి పోయినవారి బిళ్ళలు ఊరి క్లినిక్‌లోనే ఉండిపోతాయి. బొమ్మనహాళ్, డి.హీరేహాళ్ మండలాల వారు వైద్యానికి దగ్గరని బళ్ళారి పోతారు. అక్కడ ప్రైవేటు డాక్టరు కంపెనీ పేరుతో చీటీ రాస్తాడు. ఇక్కడి క్లినిక్‌లో ఆ పేరు కనిపించదు. లోపలి మందు ఒకటేనని చెప్పేవారు లేక, రెండూ వేరనుకుని అప్పు చేసి షాపులోనే కొంటారు.

జనౌషధి దుకాణాలు 2008 నుంచి ఉన్నాయి. దేశంలో వాటి సంఖ్య 2025 నాటికి 15 వేలు దాటింది. అయినా అవి ఎక్కువగా పట్నాలకు, పెద్ద ఆసుపత్రుల దగ్గరకు పరిమితం. నెలకు 165 రూపాయలు మిగులుతాయని పల్లె మనిషి చార్జీ పెట్టుకుని, పని మానుకుని పట్నానికి పోతే మిగిలేది శూన్యం. 2023 జూన్‌లో కేంద్రం ఒక మంచి నిర్ణయం తీసుకున్నది. వ్యవసాయ పరపతి సంఘాలు కూడా జనౌషధి దుకాణాలు నడుపుకోవచ్చునన్నది. ఎరువుల కోసం రైతు ఎట్లాగూ సొసైటీకి పోతాడు. యూరియా తెచ్చుకునే చోటే ఇంటిల్లిపాదికీ నెల బిళ్ళలు దొరికితే అంతకన్న సౌకర్యం ఏమి కావాలి? మన జిల్లా సొసైటీల పాలకవర్గాలు ఈ అవకాశాన్ని అందిపుచ్చుకోవాలి.

ఏది చవక? ఏది ఖరీదు?

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. పక్షవాతంతో మంచానికే పరిమితమైనవారికి రాష్ట్ర ప్రభుత్వం 2024 నుంచి నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తున్నది. అది ఇవ్వవలసినదే. ఆ ఇంటి కష్టానికి అదైనా చాలదు. కాని ఆ 15,000 రూపాయలతో, జనౌషధి ధరకు నెలకు 45 రూపాయల చొప్పున, 330 మందికి పైగా బి.పి. మనుషులకు నెలంతా బిళ్ళలు ఇవ్వవచ్చు. అంటే ఒక చిన్న ఊరిలో బి.పి. ఉన్నవారందరికీ సరిపోతాయి. పక్షవాతాలన్నీ బి.పి. వల్లనే రావు, బిళ్ళ వేసుకున్న ప్రతివారూ తప్పించుకుంటారని కూడా కాదు. అయినా పక్షవాతానికి అన్నిటికన్న పెద్ద కారణం అదుపు తప్పిన బి.పి. అని డాక్టర్లందరూ చెప్పే మాటే. 330 మందిలో ఒక్కరిని మంచాన పడకుండా కాపాడగలిగినా ప్రభుత్వానికి లాభమే. ఇక ఆ మనిషి కాలు, చెయ్యి, మాట నిలబడినదానికి వెల కట్టగలవారెవరు?

పడిపోయిన తరువాత లక్షలు ఇస్తాం, నిలబడి ఉండగా ఒకటిన్నర రూపాయి ఇవ్వం అన్నట్లున్నది నేటి పద్ధతి. గోటితో పోయేదానిని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే. బీమా అంటే ఆసుపత్రి బిల్లు ఒక్కటే అన్న ఆలోచన మారాలి. రోజూ వేసుకునే బిళ్ళ కూడా బీమాలోకి రావాలి.

జిల్లా కలెక్టరు, జిల్లా వైద్య ఆరోగ్యాధికారి పూనుకుంటే వెంటనే కాగల పనులు కొన్ని ఉన్నాయి. ప్రభుత్వ డాక్టర్లు, వైద్యసేవలో చేరిన ప్రైవేటు ఆసుపత్రుల డాక్టర్లు మందు అసలు పేరును పెద్ద అక్షరాలతో రాసేటట్లు చూడాలి. బి.పి. అదుపులో ఉన్నవారికి ఒకేసారి మూడు నెలల బిళ్ళలు ఇవ్వాలి. 2020లో కోవిడ్ రోజుల్లో కేంద్ర ఆరోగ్య శాఖ ఇందుకు అనుమతించింది. అప్పుడు కూడనిది లేనప్పుడు ఇప్పుడు ఎందుకు కూడదు? వలస పోయేవారికి మందు పేరు, మోతాదు రాసిన చిన్న పుస్తకం ఇవ్వాలి. ప్రతి హెల్త్ క్లినిక్ గోడ మీద ఏయే బి.పి. బిళ్ళలు ఎన్ని ఉన్నాయో వారం వారం రాయాలి. రేషన్ షాపులో స్టాకు బోర్డు ఉండగా లేనిది, బిళ్ళలకు ఉంటే తప్పేమిటి? జిల్లా పరిషత్ సమావేశాలలో రోడ్లు, బోర్ల మీద గంటల తరబడి మాట్లాడే సభ్యులు ఈ బోర్డు గురించి ఒక్కసారి లేచి అడగాలి.

పల్లె ప్రజలు చేయవలసినది కూడా ఉన్నది. డాక్టరు దగ్గర సిగ్గుపడకుండా "సార్, దీని అసలు మందు పేరేమి? ఇదే చవకలో దొరుకుతుందా?" అని అడగాలి. ఊరగాయ, ఎండుచేప, అప్పడం తగ్గించుకోవాలి. రోజుకు ఒక చెంచా ఉప్పు, అంటే 5 గ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. పక్కింటివారి బిళ్ళ తెచ్చుకుని వేసుకోరాదు. బాగున్నదని తమంతట తాము మానరాదు. కంపెనీ మార్చుకోవాలన్నా డాక్టరుకు గానీ ఏ.ఎన్.ఎం.కు గానీ చెప్పి, పది పదిహేను రోజుల తరువాత బి.పి. చూపించుకోవాలి.

మందులు కనిపెట్టడం మన చేతిలో లేకపోవచ్చు. ఈ మందు ఎప్పుడో కనిపెట్టినదే. ఎన్నో కంపెనీలు చేస్తున్నదే. ముడిమందుల తయారీకి దేశంలోనే పేరుపడ్డ హైదరాబాదు మనకు ఒక రాత్రి ప్రయాణం. అంత దగ్గర ఉన్న బిళ్ళ, రూపాయిన్నర విలువ చేసే బిళ్ళ, ఏడు రూపాయలు పెడితే తప్ప పల్లె ముసలివాళ్ళ చేతికి రాకపోవడం అధికారులకు, డాక్టర్లకు, ప్రజాప్రతినిధులకు గౌరవం కాదు. వచ్చే వలసల కాలం లోపునైనా మూడు నెలల బిళ్ళలు మూటలో పెట్టుకుని పోయే ఏర్పాటు చేయవలసి ఉన్నది.